కొత్త సాఫ్ట్‌వేర్ సైట్లో నడవాలంటే ముందు బిల్లు దారి చూడండి

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్‌లో మూడు సైట్లు నడుపుతున్న బిల్డర్ దగ్గర ప్లానింగ్‌లో ఉన్నారు. కంపెనీ కొత్తగా ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ కొంది. అమ్మినవాళ్లు హెడ్డాఫీసులో రెండు రోజులు ట్రైనింగ్ ఇస్తామంటున్నారు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మూడు సైట్లలోనూ ఒకేసారి మొదలుపెట్టాలని ఎండీ గారి పట్టు. స్టాఫ్ సంగతి ఎలాగో చూసుకున్నా, వాట్సాప్ తప్ప ఇంకేమీ ముట్టని మేస్త్రీలను, కాంట్రాక్టర్లను ఎలా సిద్ధం చేయాలన్నది మీ టెన్షన్.

రెండు రోజులు చాలవు. దాన్ని ఆరు రోజులు చేసినా పెద్ద తేడా ఉండదు. ఎందుకంటే మీ మేస్త్రీలకు ఫోన్ వాడటం రాకపోవడం అసలు సమస్య కాదు. సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి చెక్కలు, పలకలు కట్టే పని) మేస్త్రి ఫోన్‌పేలో తన కూలీల ముఠాకి వారం ఖర్చులు పంపిస్తున్నాడు, ఊళ్లో కడుతున్న ఇంటి ఫొటోలు తెప్పించుకుని చూస్తున్నాడు, రేట్లు తేడా వస్తే వాయిస్ మెసేజ్‌లో మీ బిల్లింగ్ ఇంజనీర్‌ని కడిగేస్తున్నాడు. తన డబ్బుకు దారి చూపే పని ఏదైనా రెండు రోజుల్లో నేర్చుకుంటాడు. చూపకపోతే మీరు టీలు బిస్కెట్లు పెట్టి ఎన్ని క్లాసులు చెప్పినా తలూపి వెళ్లిపోతాడు. అందుకని ట్రైనింగ్ తేదీలు ఖాయం చేసే ముందు మీ కంపెనీలో బిల్లు ఎలా నడుస్తుందో ఒక తెల్ల కాగితం మీద గీయండి.

మామూలుగా ఉండేది ఇదే. మేస్త్రి, సైట్ ఇంజనీర్ కలిసి టేపు పట్టి కొలతలు తీస్తారు. అవి నోటుబుక్కులోకి, అక్కడి నుంచి ఎక్సెల్‌లోకి ఎక్కుతాయి. బిల్లింగ్ ఇంజనీర్ చూస్తాడు, ప్రాజెక్ట్ మేనేజర్ సంతకం పెడతాడు, హెడ్డాఫీసులో క్వాంటిటీ సర్వేయర్ (పని పరిమాణాలు సరిచూసేవాడు) నాలుగు ప్రశ్నలు వేస్తాడు, మళ్లీ సైటుకు వస్తుంది, మళ్లీ వెళ్తుంది, చివరికి అకౌంట్స్‌లో అడ్వాన్సులు, రిటెన్షన్ (పని బాగుందని తేలేదాకా ఆపి ఉంచే సొమ్ము), టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను), మెటీరియల్ డెబిట్లు (కంపెనీ ఇచ్చిన సామాను ఖరీదు) పోగా మిగిలింది బ్యాంకులో పడుతుంది. ఈ మొత్తంలో నిజంగా పని జరిగేది కొన్ని గంటలే, మిగతా రోజులన్నీ ఎవరిదో ఒకరి టేబుల్ మీద కాగితం పడుంటుంది. సాఫ్ట్‌వేర్ వచ్చాక ఏ టేబుల్ మీద ఎన్నాళ్లు ఆగిందో అందరికీ కనిపిస్తుంది. మీ ఆఫీసులో మొదటి ప్రతిఘటన ఇక్కడి నుంచే వస్తుంది, మేస్త్రీల నుంచి కాదు. దానికి సిద్ధంగా ఉండండి.

ఎండీ గారితో ముందు ఒక మాట ఖాయం చేసుకోండి: ఫలానా తేదీలోపు యాప్‌లో కొలతలు ఎక్కి, ఇద్దరూ ఒప్పుకున్న బిల్లుకు ఫలానా తేదీన డబ్బు పడుతుంది. 25లోపు కొలతలు, వచ్చే నెల 7న పేమెంటు అనుకుందాం. మొదటి మూడు నెలలు ఈ మాట ఒక్కసారి కూడా తప్పకూడదు. ఒక సెంట్రింగ్ కాంట్రాక్టర్‌కి యాప్ ద్వారా అన్న తేదీకి డబ్బు పడిందన్న కబురు సాయంత్రానికల్లా సైటంతా తెలుస్తుంది. తర్వాత మీరు పిలవనక్కర్లేదు, ప్లంబింగ్ కాంట్రాక్టరే వచ్చి నా లాగిన్ ఏదండీ అంటాడు. క్యాష్ ఫ్లో బాగాలేక ఆ మాట ఇవ్వలేని పరిస్థితి ఉంటే, కాంట్రాక్టర్లను ఇప్పుడే యాప్‌లోకి దించకండి. స్టాఫ్‌తో డ్రాయింగులు, డైలీ రిపోర్టులు మాత్రం నడుపుకోండి.

ఇంకో చిన్న విషయం, దీని విలువ చాలామందికి తట్టదు. బిల్లులో ఏం కోశారో కాంట్రాక్టర్‌కి అర్థమయ్యేలా చూపించండి. వ్యక్తి పేరు మీద ఉన్న కాంట్రాక్టరైతే టీడీఎస్ 1 శాతం, కంపెనీయో భాగస్వామ్య సంస్థో అయితే 2 శాతం. ఆపైన రిటెన్షన్ ఎంత, ఇప్పటిదాకా ఎంత పోగైంది, ఎప్పుడు తిరిగొస్తుంది, పోయిన నెల తీసుకున్న అడ్వాన్సులో ఎంత తీరింది, ఇవన్నీ అతని ఫోన్లో ఒక స్క్రీన్ మీద కనబడాలి. ఇన్నేళ్లూ బ్యాంకు మెసేజ్ వచ్చాక "ఇంత తక్కువెందుకు పడింది సార్" అని అకౌంట్స్ చుట్టూ తిరిగిన మనిషికి, ఆ ఒక్క స్క్రీన్ మీ ట్రైనింగ్ మొత్తం కంటే ఎక్కువ.

సాఫ్ట్‌వేర్ తెరవకముందే తేల్చుకోవాల్సిన గొడవలు కొన్నున్నాయి. అవి తేల్చకపోతే సైట్లో ఇప్పుడున్న గందరగోళమే కంప్యూటర్లోకి ఎక్కుతుంది. మొదటిది, చోటు పేర్లు. సెల్లార్, స్టిల్ట్ (పార్కింగు కోసం స్తంభాల మీద వదిలే అంతస్తు), దానిపైన ఫ్లోర్లు ఉన్న మన అపార్టుమెంట్లో "మూడో స్లాబు" అంటే ఏది? సెంట్రింగ్ వాళ్లు సెల్లార్ పైకప్పును ఒకటో స్లాబుగా లెక్కపెడతారు. ఆర్కిటెక్ట్ డ్రాయింగులో స్టిల్ట్ నుంచి మొదలవుతుంది. సేల్స్ వాళ్లకు మూడో ఫ్లోర్ అంటే 301 నంబరు ఫ్లాటున్న ఫ్లోరు. ఇన్నాళ్లూ నోటిమాటతో సర్దుకుపోయింది కాబట్టి ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. యాప్‌లో మాత్రం ఒకరు ఎక్కించిన కాంక్రీటు ఇంకో ఫ్లోర్ మీద కూర్చుంటుంది, బిల్లులో ఒకే స్లాబు రెండుసార్లు వస్తుంది. టవరు, ఫ్లోరు, ఫ్లాటు, గది వరకూ ఒకే పేరు ఖాయం చేసి, ఆ పేరును సైట్లోనే మెట్ల దగ్గర గోడ మీద పెయింటుతో రాయించండి. మీరు చేసే పనులన్నిటిలో చవకైంది ఇదే, ఎక్కువ పనికొచ్చేదీ ఇదే.

రెండోది, కొలతలు. మీ బీవోక్యూ (పనుల పరిమాణాల జాబితా) చదరపు మీటర్లలో ఉంటుంది, ప్లాస్టరింగ్ మేస్త్రి రేటు చదరపు అడుగుకు మాట్లాడుకున్నది. చదరపు మీటరంటే 10.764 చదరపు అడుగులు అని మీకు తెలుసు, స్క్రీన్ మీద తన పని పదో వంతుకు పడిపోయినట్టు కనిపిస్తే అతనికి గుండె జారిపోతుంది. మేస్త్రికి కనిపించే చోట అతను మాట్లాడుకున్న లెక్కే కనిపించేలా పెట్టించండి, మార్పిడి వెనకాల జరగనివ్వండి. అలాగే తలుపులు, కిటికీల తగ్గింపు. ఐఎస్ 1200 (కొలతలు తీసే పద్ధతి చెప్పే భారతీయ ప్రమాణం) ప్రకారం ప్లాస్టరింగ్‌లో అర చదరపు మీటరు లోపు ఖాళీలకు తగ్గింపు లేదు. అక్కడి నుంచి 3 చదరపు మీటర్ల దాకా ఒక వైపే తగ్గించి, పక్కల (తలుపు, కిటికీ చుట్టూ గోడ మందం) పనికి విడిగా ఏమీ కలపరు. 3 దాటితే రెండు వైపులా తగ్గించి పక్కలు కలుపుతారు. మామూలు బెడ్‌రూమ్ తలుపు మధ్యలో పడుతుంది. కానీ చాలా వర్క్ ఆర్డర్లలో ఈ ఊసే ఉండదు, సైట్ ఇంజనీరుకూ మేస్త్రికీ మధ్య ఒక అలవాటు నడుస్తుంటుంది. సాఫ్ట్‌వేర్‌కు అలవాట్లు తెలియవు, ఒక ఫార్ములా కావాలి. ఆ ఫార్ములా ఏమిటో కాంట్రాక్టర్‌తో కూర్చుని ఒప్పుకుని, వర్క్ ఆర్డర్లో రాసి, అప్పుడు ఎక్కించండి. మొదటి బిల్లు చూసి మేస్త్రి "కంప్యూటర్ నా పని తినేసింది" అన్నాడంటే ఆ మాట వెనక్కి తీసుకురావడం చాలా కష్టం.

మూడోది స్టోరు. ట్రైనింగ్ లిస్టులో స్టోర్ కీపర్ పేరు ఎప్పుడూ చివర్లో ఉంటుంది, నా లెక్కలో మొదట ఉండాలి. ఓపెనింగ్ స్టాక్ తప్పుగా ఎక్కితే ఆ తర్వాత వచ్చే ప్రతి రిపోర్టూ అబద్ధమే. సిమెంటుతో పెద్ద ఇబ్బంది లేదు, బస్తాలు లెక్కపెడితే సరిపోతుంది. చిక్కంతా స్టీలుది. స్టీలు కాటా మీద తూకంతో వస్తుంది. వాడేటప్పుడు బార్ బెండింగ్ షెడ్యూలు (ఏ కడ్డీ ఎంత పొడవు, ఎలా వంచాలో చెప్పే పట్టిక) ప్రకారం పొడవుతో లెక్కేస్తాం, అంటే వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో. 12 మి.మీ. కడ్డీకి మీటరుకు 0.889 కిలోలు. కానీ కడ్డీ నిజంగా అంతే తూగాలని లేదు. స్టీలు కడ్డీల ప్రమాణం ఐఎస్ 1786లోనే 10 మి.మీ. వరకూ 7 శాతం, ఆపైన 16 మి.మీ. వరకూ 5 శాతం, అంతకు మించితే 3 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటారు. అంటే 10 టన్నుల 8 మి.మీ. స్టీలు మీద ఎవరూ ఏమీ ఎత్తుకెళ్లకుండానే 700 కిలోల దాకా తేడా రావచ్చు. ఇది తెలియని హెడ్డాఫీసు మొదటి నెల రిపోర్టు చూసి స్టోర్ కీపర్‌ని నిలదీస్తుంది. ఆ రోజు నుంచి అతను ఏం చేస్తాడో ఊహించండి: లెక్క కుదిరేలా అంకెలు నింపడం మొదలుపెడతాడు. కాబట్టి ప్రతి లోడుకూ తూకంతో పాటు కడ్డీల సంఖ్య కూడా ఎక్కించే అలవాటు చేయండి, రోలింగ్ మార్జిన్ తేడాకు (లెక్క బరువుకూ అసలు తూకానికీ మధ్య తేడా) విడిగా ఒక ఖాతా పెట్టించండి. రోబో శాండ్ (రాయిని పొడిచేసి తీసే ఇసుక) టన్నుల్లో వచ్చి క్యూబిక్ మీటర్లలో ఖర్చయ్యే చోటా ఇదే తంటా.

ఇక ట్రైనింగ్. హెడ్డాఫీసు కాన్ఫరెన్సు హాల్లో నలభై మందిని కూర్చోబెట్టి అన్ని మెనూలూ చూపించే పద్ధతి వద్దు. ఒక మనిషికి తన పని మాత్రమే నేర్పండి. సూపర్‌వైజర్‌కి లేబర్ హాజరు, ఆ రోజు జరిగిన పని, రెండు ఫొటోలు. సైట్ ఇంజనీర్‌కి పోర్ కార్డు (కాంక్రీటు ఎక్కడ, ఎప్పుడు పోశారో రాసే కార్డు), కొలతలు, డ్రాయింగు రివిజన్ చూసుకోవడం. స్టోర్ కీపర్‌కి ఇండెంటు (సామాను కావాలని పెట్టే కోరిక), చలానా ఫొటో, ఇష్యూ (సామాను పనికి ఇవ్వడం). క్వాలిటీ ఇంజనీర్‌కి క్యూబు (బలం పరీక్షించడానికి పోసి ఉంచే కాంక్రీటు దిమ్మ) రిజిస్టరు. కాంట్రాక్టర్‌కి మూడే మూడు: ఇచ్చిన పని చూడటం, కొలతలు ఒప్పుకోవడం లేదా అభ్యంతరం చెప్పడం, బిల్లు ఎక్కడుందో చూడటం. ఇవి సైట్ ఆఫీసులోనే, అతని ఫోన్లోనే, ఆ రోజు జరిగిన అసలు పనితోనే చేయించాలి. డెమో ప్రాజెక్టులో ఉత్తుత్తి పేర్లతో చేసింది మర్నాటికి గుర్తుండదు.

క్యూబుల సంగతి ఎందుకు విడిగా అంటున్నానంటే, సాఫ్ట్‌వేర్ మీద స్టాఫ్‌కి నమ్మకం కుదిరేది అక్కడే. కాంక్రీటు పని ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం 31 నుంచి 50 క్యూబిక్ మీటర్ల కాంక్రీటుకు నాలుగు శాంపిళ్లు, ఒక్కో శాంపిల్‌కి మూడు క్యూబులు. ఆపైన ప్రతి 50కి ఇంకో శాంపిల్. ఏడో రోజు ఏవి పరీక్షించాలి, 28వ రోజు ఏవి, రెండు టవర్లలో స్లాబులు పడుతుంటే ఆ తేదీలు గుర్తుపెట్టుకోవడం నరకం. పోర్ కార్డు ఎక్కించగానే 28వ రోజు పొద్దున దానంతటదే గుర్తుచేస్తే, క్వాలిటీ ఇంజనీర్ మీ తరఫున ప్రచారం చేస్తాడు. ప్రతి ఉద్యోగానికీ ఇలాంటి ఒక్క లాభమైనా వెతికి పెట్టండి. దొరకని ఉద్యోగానికి ఇప్పుడే లాగిన్ ఇవ్వకపోయినా కొంప మునగదు.

ప్రతి సైట్లో ఒకరిని ముందు తయారు చేసి, మిగతావాళ్లకు అతనే చెప్పేలా చేయాలన్నది అందరూ ఇచ్చే సలహా. అందులో ఎవరిని ఎంచుకుంటారన్నది ముఖ్యం. కంప్యూటర్ బాగా వచ్చని కొత్తగా చేరిన కుర్రాడిని పెడతారు, మేస్త్రీలు అతని మాట వినరు. ఇప్పటికే అందరూ సందేహాలకు వెళ్లే మనిషెవరో చూడండి, చాలా సైట్లలో అది బిల్లింగ్ ఇంజనీరే. పాతికేళ్ల అనుభవమున్న సీనియర్లను మాత్రం జూనియర్ల పక్కన కూర్చోబెట్టి నేర్పకండి. చోటు పేర్ల లిస్టు, ఆలస్యానికి కారణాల లిస్టు ముందుగా వాళ్లకిచ్చి సరిచేయమనండి. తను దిద్దిన లిస్టు స్క్రీన్ మీద కనిపిస్తే ఆ సాఫ్ట్‌వేర్ సగం తనదే అనుకుంటారు.

భాష సంగతి మర్చిపోవద్దు. ప్లాస్టరింగ్, టైల్స్, సెంట్రింగ్ ముఠాల్లో ఒడిశా, బిహార్, జార్ఖండ్, బెంగాల్ వాళ్లే ఎక్కువగా ఉంటున్నారు. వాళ్ల మేస్త్రీలకు హిందీలో చెప్పే మనిషి కావాలి. శ్రీకాకుళం, పాలమూరు మేస్త్రీలకు తెలుగులో, అదీ సైటు తెలుగులో చెప్పాలి. అమ్మినవాళ్లు ఇచ్చిన ఇంగ్లీషు పీడీఎఫ్ పంపించి చేతులు దులుపుకుంటే ఎవరూ తెరవరు. మీ బిల్లింగ్ ఇంజనీర్ గొంతుతో, మీ సైటు స్క్రీన్లతో రెండు నిమిషాల వీడియోలు తీయించండి. చాలామంది కాంట్రాక్టర్ల దగ్గర లెక్కలు చూసేది కొడుకో, బావమరిదో, జీతానికున్న రైటరో. రోజువారీ ఎంట్రీకి లాగిన్ అతనికే ఇవ్వండి. కొలతలు ఒప్పుకునే ఓటీపీ మాత్రం కాంట్రాక్టర్ సొంత నంబరుకే వెళ్లాలి. రేపు తేడా వస్తే "అది మా పిల్లాడు నొక్కాడు" అనే మాటకు చోటుండకూడదు.

సెల్లార్లో నెట్ రాదు. నెట్ లేకుండా ఎంట్రీ చేసి పైకొచ్చాక దానంతటదే ఎక్కుతుందో లేదో సంతకాలు పెట్టకముందే మీ సెల్లార్లో నిలబడి చూడాల్సింది. ఇప్పుడైనా చూడండి. సూపర్‌వైజర్ల ఫోన్లలో స్టోరేజీ నిండిపోయి ఉంటుంది, డేటా సాయంత్రానికి అయిపోతుంది. కంపెనీ పని కోసం అతని డేటా ఖర్చవుతుంటే ఆ రీచార్జి కంపెనీ పెట్టుకోవాలి. ఇంత చిన్న దగ్గర పీనాసితనం చూపి లక్షల లైసెన్సు పడుకోబెట్టుకున్న కంపెనీలున్నాయి.

డైలీ రిపోర్టులో నిజం రాయించడం అన్నిటికంటే కష్టం. స్లాబు రెండు రోజులు ఆగింది, కారణం అడిగితే "లేబర్ తక్కువ" అని రాస్తారు, ఎందుకంటే అది ఎవరికీ తగలదు. అసలు కారణం కొత్త డ్రాయింగు రాకపోవడమో, స్టీలు ఇండెంటు హెడ్డాఫీసులో ఆగడమో, ముందు ఎలక్ట్రికల్ వాళ్లు పైపులు వేయక ఫ్రంటు (పని చేయడానికి సిద్ధమైన చోటు) అందకపోవడమో. మొదటి మూడు నెలలు ఈ కారణాల మీద ఎవరికీ మెమోలు ఇచ్చేది లేదని, కోతలు పెట్టేది లేదని ఎండీ గారి చేత చెప్పించండి. కాంట్రాక్టర్లకు ఇంకో మాట చెప్పండి: సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల శాఖ) పనుల్లో హిండ్రెన్స్ రిజిస్టరు (పని ఎందుకు ఆగిందో రాసే పుస్తకం) ఎలా ఉంటుందో ఇదీ అంతే. మీ వల్ల పని ఆగి అతని ముఠా ఖాళీగా కూర్చుంటే, ఆ రోజే ఫొటోతో యాప్‌లో పెట్టుకోవచ్చు, గడువు పొడిగింపు అడిగేటప్పుడు అది అతని చేతిలో ఆధారం. మీ మేనేజ్‌మెంట్‌కి ఇది నచ్చకపోవచ్చు. కానీ రికార్డు ఒక వైపుకే పనికొస్తుందని తెలిసిన రోజున కాంట్రాక్టర్ అందులో నిజం రాయడం మానేస్తాడు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైటులో మూడు నెలలకోసారి పని ఎంత జరిగిందో మీరు ఎక్కించాల్సిందే కదా, ఆ అంకెలు వచ్చేది ఈ రిపోర్టుల నుంచే అని మేనేజ్‌మెంట్‌కి గుర్తుచేయండి.

వాట్సాప్ గ్రూపులు మూసేయమంటే గొడవవుతుంది, మూయక్కర్లేదు కూడా. కబుర్లు, ఫొటోలు, "రెడీమిక్స్ బండి ఎక్కడుంది" అన్నవి అక్కడే ఉండనివ్వండి. డ్రాయింగు, ఇండెంటు, అదనపు పనికి ఒప్పుకోలు, ఈ మూడూ యాప్‌లో లేకపోతే చెల్లవని మాత్రం గీత గీయండి. పాత రివిజన్ డ్రాయింగు ఎవరి ఫోన్లోనో ఉండిపోయి, దాని ప్రకారం బీము కట్టేసి, తర్వాత కొట్టించే ఖర్చు మీకు తెలియంది కాదు. అయితే ఈ గీతను మొదట దాటేది మేస్త్రి కాదు, పైవాళ్లు. ఎండీ గారు ఫోన్ చేసి "ఈరోజు ఎంత పోశారు" అని అడిగినంత కాలం ఎవరూ యాప్ చూడరు. సోమవారం రివ్యూ మీటింగులో ఎక్సెల్, పీపీటీ లేకుండా సాఫ్ట్‌వేర్ స్క్రీనే పెట్టి మాట్లాడితే, శనివారం నుంచే అందరూ ఎంట్రీలు సరిచూసుకోవడం మొదలుపెడతారు.

వర్క్ ఆర్డర్లకు ఒక చిన్న సవరణ కాగితం జతచేయండి. కొలతలు యాప్‌లో ఒప్పుకుంటే సంతకంతో సమానమని, అభ్యంతరానికి ఎన్ని రోజుల గడువో, సిస్టమ్ పనిచేయకపోతే కాగితం మీద ఎలా నడపాలో, పని అయిపోయాక తన బిల్లులు, కొలతలు అన్నీ పీడీఎఫ్‌గా కాంట్రాక్టర్‌కి ఇస్తామని అందులో ఉండాలి. ఆ చివరి మాట చాలామంది రాయరు. లాగిన్ తీసేసిన మర్నాటి నుంచి తన లెక్కలు తనకే కనబడవన్న భయం కాంట్రాక్టర్‌కి న్యాయంగానే ఉంటుంది. హాజరు కోసం కూలీల ఆధార్ ఫొటోలు తీసి గ్రూపుల్లో తిప్పడం మాత్రం వెంటనే ఆపించండి.

ఒకటో తారీఖు విషయం. మూడు సైట్లూ ఒకేసారి వద్దు. ఏ సైటు ముందు అంటే, స్లాబులు నడుస్తున్నది తీసుకోండి. సెంట్రింగ్, స్టీలు, కాంక్రీటు, మూడు నాలుగు కాంట్రాక్టులతో పోతుంది, ప్రతి స్లాబుకూ అదే పని మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి మొదటి స్లాబుకి తడబడిన మనిషి మూడో స్లాబుకి అలవాటు పడతాడు. ఫినిషింగ్‌లో ఉన్న సైట్లో ఇరవై మంది కాంట్రాక్టర్లు, ఎవరి గొడవ వాళ్లది. హ్యాండోవర్ దగ్గరున్న సైటును అసలు ముట్టుకోకండి, పాత పద్ధతిలోనే ముగించనివ్వండి. సంక్రాంతి, హోళీ, ఛఠ్ పూజల ముందు వెనక వారాల్లో ముఠాలు సగం ఊళ్లలో ఉంటాయి, మార్చి నెలాఖరులో అకౌంట్స్ వాళ్లు తలెత్తరు. ఆ రోజులు తప్పించండి.

పాత కాగితాలు, పాత కొలతలు ఎక్కించడానికి ఒక ఆపరేటర్‌ని ఒక నెల పెట్టుకోవచ్చు. ఆ నెల దాటి ఉంచారంటే ఇంజనీర్లు మళ్లీ నోటుబుక్కులో రాసి అతనికే ఇస్తారు, చూడటానికి డాష్‌బోర్డు నిండుగా ఉంటుంది, సైట్లో ఏదీ మారదు. ఎంతమంది లాగిన్ అయ్యారన్న లెక్కను కూడా పట్టించుకోకండి. ఎంట్రీ ఏ గంటకు పడిందో చూడండి. ఆరు రోజుల రిపోర్టులు శనివారం రాత్రి పది గంటలకు వరసగా పడుతుంటే అవి జ్ఞాపకం మీద నింపినవి. ఇంకోటి, కొలత తీసిన రోజు నుంచి డబ్బు పడ్డ రోజు వరకూ ఎన్ని రోజులు పట్టిందో ప్రతి నెలా చూడండి. అది తగ్గకపోతే కాంట్రాక్టర్ల మీద కోప్పడి లాభం లేదు, వెతకాల్సింది హెడ్డాఫీసులో.

అమ్మినవాళ్లిస్తామన్న రెండు రోజులను అలాగే ఖర్చుపెట్టకండి. ఒక పూట హెడ్డాఫీసులో బిల్లింగ్, అకౌంట్స్ వాళ్లతో సరిపెట్టి, మిగతా సమయాన్ని మొదటి బిల్లు వెళ్లే వారం దాకా ఆపుకోండి. 25వ తారీఖున వాళ్ల మనిషి మీ సైట్ ఆఫీసులో, సెంట్రింగ్ మేస్త్రి పక్కన కూర్చుని ఉండాలి. ఒప్పుకోకపోతే తర్వాతి వాయిదా చెక్కు ఆపండి, ఒప్పుకుంటారు.